దొంగల అలారం, ఉత్తుత్తి సైరన్: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి

సంక్రాంతికి ఇంటికి తాళమేసి పార్వతీపురమో శ్రీకాకుళమో బయల్దేరేముందు అందరికీ అలారం గుర్తొస్తుంది, పండగ మూడు రోజులూ అది ఊరికే మోగాక చట్టం గుర్తొస్తుంది. ఏటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. నేను ఒడిశాలో ఈ పక్క కెమెరాలు, అలారాలు బిగించేవాణ్ణి. వకీలును కాను, కోర్టు దాకా వెళ్లే సంగతైతే వకీలునే అడగండి. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటి చూసుకుంటే చాలు, పైనుంచి కింది దాకా చదవక్కర్లేదు.

## కొనేముందు

ఇంటికి అలారం పెట్టుకోవాలంటే మున్సిపాలిటీ పర్మిషన్ కావాలా?

ఇంటి అలారానికి ముందే పర్మిట్ తీసుకోవాలని చెప్పే కేంద్ర చట్టమేదీ లేదు. కొనుక్కుని బిగించుకోవచ్చు. దుకాణానికి ట్రేడ్ లైసెన్సు ఎలాగూ ఉంటుంది, కానీ అది వ్యాపారానికి, సైరన్‌కి కాదు. బరంపురం కార్పొరేషన్ 2003 నాటి ఒడిశా మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కింద నడుస్తుంది, రాయగడ, జయపురం, పర్లాకిమిడి లాంటి ఊళ్లు 1950 నాటి మున్సిపల్ చట్టం కింద. మీ ఊళ్లో కౌన్సిల్ ఏమైనా కొత్త తీర్మానం చేసిందేమో లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కౌంటర్లో ఓ మాట అడిగితే పోయేదేం లేదు. పర్మిట్ అక్కర్లేదు కదా అని రాత్రంతా మోగనిస్తానంటే మాత్రం కుదరదు, శబ్దానికి వేరే చట్టం ఉంది, అది ఇంటికీ షాపుకీ ఇద్దరికీ వర్తిస్తుంది.

అన్నా, విజయనగరంలో మా బావగారి కల్యాణమండపానికి కెమెరాలు తప్పనిసరన్నారు. మాకూ అంతేనా?

అది ఆంధ్ర చట్టం. రాష్ట్రం విడిపోకముందు 2013లో ప్రజా భద్రత చర్యల చట్టమని చేశారు. ఒకేసారి వందమంది, అంతకన్నా ఎక్కువ మంది వచ్చిపోయే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి అని అందులో ఉంది. ఒడిశాలో ఉన్న మీ మండపానికి అది వర్తించదు. ఇక్కడి పోలీసులో మున్సిపాలిటీయో రాతపూర్వకంగా అడిగితే దాని ప్రకారం చేయండి, బావగారు చెప్పారని కాదు.

ఊరెళ్తే పోలీసులే ఇంట్లో కెమెరా పెట్టి కాపలా కాస్తారట కదా, ఉచితంగా?

కాస్తారు, ఆంధ్రలో. తాళం వేసిన ఇళ్ల కోసం అక్కడి పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక ఏర్పాటుంది. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా రోజులు ఊళ్లో ఉండమని చెబితే వాళ్లొచ్చి కదలికను పట్టే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది. పాతపట్నంలో ఇల్లున్నవాళ్లు వాడుకోవచ్చు, కూతవేటు దూరంలో పర్లాకిమిడిలో ఉన్నవాళ్లకు అది రాదు. ఇక్కడ మీరు చేయగలిగింది ఇంతే: మీ ఠాణాకి వెళ్లి, ఫలానా తారీఖు నుంచి ఫలానా దాకా ఇల్లు మూసి ఉంటుందని చిరునామా, ఫోన్ నంబరుతో ఒక కాగితం ఇచ్చి రావడం. బీటు కానిస్టేబుల్ ఆ వీధిన ఒక చుట్టు ఎక్కువ తిరిగినా లాభమే కదా.

ఎలాంటిది కొంటే ఊరికే మోగకుండా ఉంటుంది?

అసలు మోగనిది ఎక్కడా దొరకదు, తక్కువ మోగేది దొరుకుతుంది. గదిలో మూలకి పెట్టే తెల్ల సెన్సర్‌ని పీఐఆర్ అంటారు. అది మనిషిని చూడదు, కదులుతున్న వేడిని పట్టుకుంటుంది. అందుకే దాని కంటికి మనమూ, పిల్లీ, అద్దం మీద పాకే బల్లీ, కిటికీలోంచి పడే ఎండా అన్నీ ఒక జాతే. కుక్కో పిల్లో ఉన్న ఇల్లయితే పెట్ ఇమ్యూన్ (పెంపుడు జంతువుల్ని పట్టించుకోనిది) అని రాసున్నది తీసుకోండి. రేకుల గోడౌనుకి, జీడిపప్పు మిల్లుకి డ్యుయల్ టెక్ మంచిది, వేడీ మైక్రోవేవూ రెండూ ఒకేసారి పట్టుకుంటేనే అది మోగుతుంది. ధర ఎక్కువే, అయినా గోడౌను విషయంలో నేను ఇంకోటి చెప్పను. ఒకటే గది ఉన్న షాపుకి తలుపు మీద అయస్కాంతం సెన్సరు, షట్టరుకి షట్టర్ సెన్సరు చాలు. అయిదు వందల గజాల ఇంటికి వేసే సరంజామా అంతా పది అడుగుల కొట్టుకి అంటగడితే అది అమ్మేవాడికి తప్ప ఎవరికీ పనికిరాదు.

కంపెనీవాళ్లు "మోగితే మా గార్డు వస్తాడు" అంటున్నారు. నమ్మొచ్చా?

గార్డుని పంపే సంస్థకు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. విశాఖ కంపెనీకి ఆంధ్ర లైసెన్సుంటే సరిపోదు, ఒడిశాలో గార్డుని పెట్టాలంటే ఒడిశాది కావాలి. కాపీ అడగండి. తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: రాత్రి రెండింటికి గుణుపురంలో మోగితే ఆ గార్డు ఎక్కణ్ణుంచి బయల్దేరతాడు? బరంపురం నుంచి అంటే ఆ డబ్బు మిగుల్చుకోండి.

## బిగించేటప్పుడు

సైరన్ ఎంత గట్టిగా ఉండాలి? డబ్బా మీద 110 డెసిబెల్స్ అని ఉంది.

ఆ 110 అనేది సాధారణంగా మీటరు దూరంలో కొలిచిన లెక్క. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే 10 మీటర్ల దగ్గర సుమారు 90, వంద మీటర్ల దగ్గర కూడా 70. ఇప్పుడు చట్టం చూడండి: శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. బజారులో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే 10 గంటల నుంచి పొద్దున 6 దాకా. ఈ హద్దులు కొంతసేపటి సగటు మీద లెక్కకడతారు కాబట్టి రెండు నిమిషాలు మోగి ఆగిన సైరన్ వేరు, గంటసేపు అరిచింది వేరు. పక్కింటివాళ్లకు వినపడితే చాలు, స్టేషన్ దాకా వినపడక్కర్లేదు. రెండు సైరన్లు కొనేవాళ్లకి నేను చెప్పేది, ఒకటి లోపల పెట్టమని. లోపల చెవులు పగిలేలా మోగితే దొంగ అక్కడ నిలబడి పని చేయలేడు, వీధికి తక్కువ బాధ.

ఎంతసేపు మోగి ఆగేలా పెట్టాలి?

మూడు నుంచి అయిదు నిమిషాలు. ప్యానెల్ (సెన్సర్లన్నీ కలిసే అలారం పెట్టె) సెట్టింగులో సైరన్ టైమ్ అని ఉంటుంది, బిగించినవాడి చేతే పెట్టించి మీ ఎదురుగా ఒకసారి మోగించి చూపించమనండి. ఇంగ్లండులో 2005లో చేసిన చట్టం ప్రకారం అలారం ఆగకుండా 20 నిమిషాలు దాటితే, లేదా ఆగి ఆగి గంట దాటి మోగుతూ చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బందైతే, కౌన్సిల్ అధికారి వచ్చి ఆపేసే అధికారం ఉంది. మనకు అలా నిమిషాల లెక్కతో రాసిన రూలు లేదు గానీ 20 నిమిషాలు అరిచాక రాని మనిషి 40 నిమిషాలకీ రాడు. ఆగాక మళ్లీ ఎన్నిసార్లు మోగాలో కూడా కొన్ని ప్యానెళ్లలో పెట్టొచ్చు, మూడు దాటనివ్వకండి.

అలారం మోగగానే తనే ఫోన్ చేసే ఆటో డయలర్‌లో 112 పెట్టేస్తే నేరుగా పోలీసులకే వెళ్తుంది కదా?

పెట్టొద్దు. 112లో ఎత్తిన మనిషి ఎక్కడ, ఏమైంది, ఎంతమంది అని అడుగుతాడు, మీ డబ్బాకేమో రికార్డు చేసిన ఒకే ముక్క తెలుసు. బల్లి పాకినప్పుడల్లా ఒక ఎమర్జెన్సీ లైను పట్టి ఉంచుతుంది. మొదటి నంబరు మీది, రెండోది తాళంచెవి ఉన్నవాళ్లది, మూడోది ఎదురింటివాళ్లది. పోలీసులకు ఫోన్ మనిషి చేయాలి.

ప్యానెల్‌లో ఏ సిమ్ వేయాలి? జియో వేశా, పనిచేయట్లేదు.

చవకగా దొరికే పాత జీఎస్‌ఎం ప్యానెళ్లు 2జీవి. జియోకి 2జీ లేదు, 4జీ పైనే. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్‌ఎల్‌లో మీ వీధిలో ఏది అందితే అది వేయండి, లేదా 4జీ ప్యానెల్ కొనండి. నేను చూసిన మూగపోయిన అలారాల్లో సగానికి కారణం రీఛార్జి అయిపోవడమే. ఆ సిమ్ నంబరు మీ ఫోన్లో "అలారం" అని సేవ్ చేసుకుని ఏడాది ప్లాను వేసేయండి.

తాళంచెవి ఎవరికివ్వాలి? బంధువులకా, పక్కింటికా?

పది నిమిషాల్లో నడిచి రాగలిగినవాళ్లకి. పెదనాన్నగారు కోరాపుట్‌లో ఉంటే ఆయన మీద ఎంత నమ్మకమున్నా ఉపయోగం లేదు. తాళం ఒక్కటే కాదు, అలారం ఆపే కోడు కూడా నేర్పించాలి, ఒకసారి వాళ్ల చేత ఆపించి చూడాలి. వాళ్లకు మీ అసలు కోడు ఇవ్వక్కర్లేదు, చాలా ప్యానెళ్లలో రెండో కోడు పెట్టుకోవచ్చు, పండగయ్యాక తీసేయొచ్చు.

## మోగినప్పుడు

రాజాంలో ఉన్నాం, అర్ధరాత్రి ఫోనొచ్చింది. ముందు ఏం చేయాలి?

కెమెరా ఉంటే చూడండి. మనిషి కనపడితే వెంటనే ఒడిశాలోని మీ ఠాణా నంబరు, తర్వాత 112. రాజాం నుంచి 112 కొడితే ఆంధ్రవాళ్లు ఎత్తుతారు కాబట్టి ముందు ఒడిశా అని, మీ ఊరి పేరు చెప్పండి. కెమెరా లేకపోతే ఎదురింటివాళ్లకు చేసి బయటి నుంచే చూడమనండి, తలుపు తీసి ఉందా, లైటు వెలుగుతోందా, బండి ఏదైనా నిలబెట్టి ఉందా అని. ఎవరినీ ఒంటరిగా లోపలికి పంపొద్దు, మీ తమ్ముడైనా సరే. అనుమానం గట్టిగా ఉంటే చూసేదాకా ఆగక్కర్లేదు, 112కి చేసి "అలారం మోగింది, ఇంట్లో ఎవరూ లేరు, నిర్ధారణ కాలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కళ్లారా చూసినట్టు కల్పించి చెప్పకండి.

పర్లాకిమిడి నుంచి 112 కొడితే ఆంధ్రవాళ్లు ఎత్తారు. ఎందుకు?

సరిహద్దు దగ్గర ఫోన్ ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది, అప్పుడు కాల్ అటు వెళ్లే అవకాశముంది. కంగారుపడి పెట్టేయకండి. మొదటి మాటే "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి, ఫలానా వీధి" అని చెప్పండి. దాంతోపాటు మీ ఠాణా నంబరు కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఊరెళ్లేటప్పుడు ఫోన్లో కూడా ఉంచుకోండి, ఎందుకంటే ఆంధ్రలో కూర్చుని 112 కొడితే కచ్చితంగా ఆంధ్రకే పోతుంది.

పోలీసులొచ్చారు, చూస్తే ఏమీ లేదు. ఇప్పుడు నాకు ఫైనా, కేసా?

ఈ టెన్షన్ అక్కర్లేదు. ఇన్ని తప్పుడు అలారాలకు ఇంత అని పోలీసులు బిల్లు పంపే పద్ధతి అమెరికా నగరాల్లో ఉంది, ఇక్కడ కాదు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ బదులు వచ్చింది) 217వ సెక్షన్ ఉంది, ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. కానీ అది అబద్ధమని తెలిసి తెలిసి చెప్పి, పోలీసుల చేత ఎవరినైనా ఇబ్బంది పెట్టించాలనో చేయకూడని పని చేయించాలనో చూసినవాళ్లకు. అలారం మోగిందని నిజాయితీగా చెప్పినవాళ్ల కోసం కాదు. పక్కింటివాడి మీద కోపంతో "వీడే దూరాడు" అని చెబితే మాత్రం మీ మీదే తిరుగుతుంది. వచ్చిన కానిస్టేబుల్‌కి ఫోన్లో థాంక్స్ చెప్పి, ఎందుకు మోగిందో కనుక్కుని బాగుచేయించుకోండి. చట్టం ఫైన్ వేయకపోయినా, నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లు "మళ్లీ మీరేనా" అనుకుంటే అసలు దొంగ వచ్చిన రోజున నష్టం మీదే.

రోజు మార్చి రోజు మోగుతోంది. ఏం చూడాలి?

ముందు మనుషుల్ని చూడండి. ఎక్కడైనా తప్పుడు అలారాలకు మొదటి కారణం వాడేవాళ్లే: కోడు మర్చిపోయిన అత్తగారు, పొద్దున్నే తాళం తీసిన పనిమనిషి, వెనక తలుపు గడియ పెట్టకుండా అలారం ఆన్ చేసిన మనం. లోపలికొచ్చి ఆపడానికి ఇచ్చే సమయం 15 సెకన్లుంటే 30 చేయండి.

తర్వాత చోటు. పీఐఆర్ ముఖం కిటికీ వైపు, ఏసీ వైపు, దేవుడి గదిలో దీపం వైపు ఉండకూడదు. ఏడెనిమిది అడుగుల ఎత్తులో, తలుపు వైపు అడ్డంగా చూసేలా ఉండాలి, మనిషి దాని ముందు అడ్డంగా నడిస్తేనే అది బాగా పడుతుంది. నెలకోసారి పొడి గుడ్డతో తుడవండి, సాలీడు గూడు కట్టేది సరిగ్గా దాని మీదే. వేలాడే క్యాలెండరు, ఫ్యాను గాలికి ఊగే కర్టెన్, గోడౌనులో పందికొక్కులు, అన్నీ అనుమానితులే.

షట్టరు సెన్సరైతే గాలి. వైశాఖంలో సాయంత్రం గాలివాన లేచినప్పుడు బజారులో వరుసగా నాలుగు షాపులు మోగడం మనకి కొత్తా? షట్టరు పట్టాలు వదులైతే వెల్డింగు చేయించండి, సెన్సర్ మార్చి లాభం లేదు. వైబ్రేషన్ సెన్సరు పెట్టినవాళ్లు దసరా ఊరేగింపు డీజేకి, దీపావళి టపాకాయలకి, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో డప్పులకి సున్నితత్వం తగ్గించుకోవాలి, పండగయ్యాక మళ్లీ పెంచుకోవడం మర్చిపోకూడదు.

చివరికి బ్యాటరీ. లోపల 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, రెండు మూడేళ్లకి డీలా పడుతుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్యానెల్ పిచ్చిగా మోగుతోందంటే అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, అంతసేపు ఏ అలారం బ్యాటరీ నిలబడదు, అప్పుడు కప్పతాళమే దిక్కు.

## పక్కింటి గొడవలు

పక్కింటివాళ్లు ఊళ్లో లేరు, వాళ్ల సైరన్ రాత్రంతా మోగుతోంది. ఎవరికి చెప్పాలి?

ముందు వాళ్లకే ఫోన్. ఎత్తకపోతే 112కో ఠాణాకో చెప్పండి, అది దొంగతనం కూడా అయ్యుండొచ్చు కాబట్టి మీరు చెప్పడం మంచిదే. పదే పదే జరుగుతుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. శబ్దం హద్దుకు 10 డెసిబెల్స్ పైన మించితే అధికారికి ఫిర్యాదు చేసే హక్కు శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది, ఆ అధికారి కలెక్టర్ కావచ్చు, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి కావచ్చు. న్యాయ సంహిత 292 కింద పబ్లిక్ న్యూసెన్సుకి వెయ్యి రూపాయల దాకా జరిమానా. అది చిన్న మొత్తమే, కానీ ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది) 152 కింద ఆ ఉపద్రవాన్ని తొలగించమని ఆర్డర్ ఇవ్వగలడు, అక్కడి దాకా వెళ్తే ఎవరైనా దిగొస్తారు. తారీఖు, సమయం వేసుకుని ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. అన్నింటికన్నా ముందు, వాళ్లు తిరిగొచ్చాక ఒక టీ తాగుతూ చెప్పండి, తొంభై పాళ్లు అక్కడే తెగిపోతుంది.

గోడ దూకి వైరు కోసేస్తే?

వద్దు. అనుమతి లేకుండా ఇంకొకరి ఆవరణలోకి దూకడం, వస్తువు పాడుచేయడం రెండూ కేసులే. పైగా ఆ రాత్రే అక్కడ నిజంగా ఏదైనా పోతే కెమెరాలో కనపడే ముఖం మీది.

మా మెడికల్ షాపు ఆసుపత్రి ఎదురుగానే ఉంది. వేరే రూలుందా?

ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. అక్కడ హద్దులు పగలు 50, రాత్రి 40. బయట సైరన్ మానేయండి. లోపల సైరన్, ఫోన్‌కి కాల్, షట్టరు పైన మెరిసే లైటు పెట్టుకోండి, మీకూ పేషెంట్లకీ మంచిది.

## నిజంగా దొంగలు పడితే

ఒడియా రాయడం రాదు. ఎఫ్ఐఆర్ ఎలా?

నోటితో చెప్పండి. మీరు చెప్పింది రాసుకుని మీకు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇది నాగరిక సురక్షా సంహిత 173లో ఉంది. ఆంధ్రలో సీఐగారు అన్నట్టు ఇక్కడ ఠాణా పెద్దని ఐఐసి అంటారు, ఆయన్ని అడగండి. తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్తే అరగంట పని పది నిమిషాల్లో అవుతుంది. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. మీరు ఊళ్లో లేకపోతే ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం పంపి మూడు రోజుల్లోపు వచ్చి సంతకం పెట్టొచ్చు. అప్పటిదాకా బీరువా సర్దొద్దు, తుడవొద్దు.

ఇన్సూరెన్సు ఉంది, కానీ ఆ రోజు అలారం ఆఫ్‌లో ఉంది. డబ్బు వస్తుందా?

పాలసీ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. అలారం పనిచేసే స్థితిలో ఉంచుతానని షరతు రాసుంటే గొడవే, లేకపోతే అలారం ప్రసక్తే రాకపోవచ్చు. మామూలుగా బర్గ్‌లరీ పాలసీలు బలవంతంగా లోపలికి చొరబడిన ఆనవాళ్లు అడుగుతాయి, విరిగిన తాళం, వంగిన షట్టరు ఫొటోలు తీసి పెట్టండి. కంపెనీకి అదే రోజు కబురు చేయండి. ప్యానెల్‌లో ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అనే లాగ్ ఉంటుంది, చెరపకండి.

## బయట ఉన్నవాళ్లవి

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అలారం మోగిందని సిటీ నుంచి బిల్లొచ్చింది. మోసమా?

నిజమే అయ్యుండొచ్చు. అమెరికాలో అలారం కాల్స్‌లో నూటికి 90కి పైగా ఉత్తివేనని తేలాక నగరాలు పర్మిట్లు, ఫీజులు పెట్టాయి. టెక్సాస్ చట్టం ప్రకారం 12 నెలల్లో మొదటి మూడు తప్పుడు అలారాలకు నగరం జరిమానా వేయకూడదు, ఆ తర్వాత వేయొచ్చు. సాల్ట్ లేక్ సిటీ ఇంకో అడుగు ముందుకేసి, దొంగతనం జరుగుతోందని ఎవరైనా చూసి నిర్ధారించాకే పోలీసులు వెళ్లే పద్ధతి 2000లో తెచ్చింది. అమ్మాయిని మూడు చూసుకోమనండి: పర్మిట్ ఉందా, రెన్యూ అయిందా, మానిటరింగ్ కంపెనీ పోలీసులను పిలిచేముందు రెండు వేర్వేరు నంబర్లకు ఫోన్ చేస్తోందా. బిల్లులో ఉన్న లింకు నొక్కకుండా సిటీ వెబ్‌సైటు తనే తెరిచి నంబరు సరిచూసుకోవాలి. అప్పీలుకి గడువు ఆ ఉత్తరంలోనే ఉంటుంది.

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఒడిశా సంగతులన్నీ మాకెందుకు?

శబ్దం హద్దులు, న్యాయ సంహిత, ఎఫ్ఐఆర్ పద్ధతి, 112 కేంద్రానివే కాబట్టి మీకూ అవే. మారేది స్థానిక సంస్థ. మీ నగర పంచాయతీ 1965 నాటి మహారాష్ట్ర చట్టం కింద నడుస్తుంది, అడగాల్సిన చోటు అదే. గార్డు ఏజెన్సీ లైసెన్సు కూడా మహారాష్ట్రదే ఉండాలి, గోదావరి దాటి కాళేశ్వరం వైపు నుంచి వచ్చే ఏజెన్సీకి తెలంగాణ లైసెన్సు ఒక్కటే ఉంటే చాలదు.